చెల్లుబాటు

ఎగ్మూరు మ్యూజియంలో నాణేల గది నాది.
నాదంటే, అద్దాలు తుడిచే పని నాది.
సోమవారం పొద్దున, ఫ్యాన్లు వెయ్యకముందు
ఉప్పుగాలికి మసకేసిన అద్దం మీద
ఊపిరి ఊది, పాత బనీను గుడ్డతో రుద్దుతాను.
లోపల వాళ్ళు మేలుకుంటారు,
మెడలు బలిసిన రోము చక్రవర్తులు,
తలకి ఆకుల దండలు చుట్టుకుని.
అందరూ పక్కకే చూస్తుంటారు.
ఎదుటి మనిషిని ఒక్కడూ చూడడు.

రెండో వరసలో ఎడమ నుంచి నాలుగోవాడు నీరో.
చెంప మీద ఉలిగాటు,
కంటి నుంచి దవడ దాకా, ఒకటే దెబ్బ.
ఎవరు కొట్టారో కార్డులో రాయలేదు.
మిరియాలకి బదులు ఓడ దిగిన బంగారం.
ఏ రేవులోనో ఏ కంసాలో
తూకం చూసి, మొహం కొట్టేసి ఉంటాడు:
బంగారం చెల్లుతుంది, నీ మొహం చెల్లదు, పో.

ఆదివారాలు నేను పులియంతోపులో టీచర్ని.
రేకుల కప్పు కింద మా తెలుగు చర్చి,
పదకొండుమంది పిల్లలు
తెలుగులో పాడతారు, తమిళంలో కొట్టుకుంటారు.
వాళ్ళకి నీరో అంటే ఇష్టం.
సింహాలు, తోటలో దివిటీలుగా కాలిన మనుషులు,
నోళ్ళు తెరుచుకుని వింటారు.
డెసియస్ అంటే ఆవలింతలు.
అతను ముందుగా సింహాన్ని పంపలేదు,
గుమాస్తాని పంపాడు.
చిటికెడు సాంబ్రాణి వెయ్యి,
బలి మాంసం ఒక ముక్క నోట్లో పెట్టుకో,
చీటీ తీసుకుని ఇంటికి పో.
ఐగుప్తు ఇసకలో దొరికాయి ఆ చీటీలు.
ఒకదాంట్లో ఉంది:
వయసు డెబ్బై రెండు, కుడి కనుబొమ్మ మీద మచ్చ,
నేనెప్పుడూ దేవతలకి బలులిస్తూనే ఉన్నాను,
ఇప్పుడు మీ కళ్ళెదుటే ఇచ్చాను.

"చీటీ తీసుకున్నోళ్ళు పరలోకం పోయారా టీచర్?"
గుమ్మం పక్కన కూచునే నా కూతురు తబిత అడిగింది.
స్కూలు రిజిస్టర్లో దాని పేరు తులసి.
ఇంకా పది నిమిషాలుండగానే బెల్లు కొట్టాను.

మా నాన్న చర్చిలో జక్కరయ్య.
తాలూకాఫీసులో చెన్నయ్య, హిందూ, ఆది ఆంధ్ర,
పుట్టుమచ్చ ఎడమ మోచేతి కింద.
కార్పొరేషను చెత్తబండి తోసిన చేత్తోనే
నా పదో తరగతి ఏడు ఆ కాయితం మీద సంతకం పెట్టాడు.
అందుకే నాకు ఈ ఉద్యోగం, ఈ నీడ, ఈ అద్దాలు.
మా మీదికి ఏ చక్రవర్తీ కత్తి దుయ్యలేదు.
దేవుణ్ణి మార్చుకుంటే కులం పోదు,
కులం పేర ఇచ్చే మెతుకు పోతుంది,
అంతే.

అప్పట్నుంచి ముప్ఫై ఒక్కేళ్ళు
నాన్న ఆఖరి బెంచీలో కూచుంటాడు.
రొట్టె పళ్ళెం వస్తే పక్కవాడికి అందిస్తాడు.
పాస్టరు వద్దనలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.
నేను మాత్రం తింటాను.
నమిలి, మింగి, ద్రాక్షరసం తాగి,
కొంగుతో మూతి తుడుచుకుంటాను.

నిన్న రాత్రి తబిత కాయితాలు సర్దుతున్నాను.
మతం అన్న గడి దగ్గర
పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
నాన్న మంచం దిగి, కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చాడు.
"రేపు ఆఫీసుకి నేనూ వస్తా.
గార్డియను అన్న చోట నేను పెడతా సంతకం."
మెట్లెక్కలేవు నాన్నా అన్నాను.
"నిండా మునిగినోడికి చలేంటే?
నీది పళ్ళెంలోకి పోయే చెయ్యి."

పెన్ను లాక్కున్నాడు.
చె దగ్గర ఒకసారి ఆగి,
వత్తులు ఒక్కొక్కటీ దిద్ది,
సిరా ఆరేదాకా కాయితం మీద ఊదాడు.
గోడవైపు తిరిగి పడుకున్న తబిత
నిద్రపోవటం లేదని
ఇద్దరికీ తెలుసు.